కూలర్‌కి ముందు

ఫిబ్రవరి 11

మరదలు పిల్లకి,

ఇక్కడ అందరం కులాసా, కారు ఒక్కటి తప్ప. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ వర్క్‌షాపులో ఫోను మీ ఓనరు బల్ల మీద ఉంటుంది. నేను రెండు మాటలు అనేలోపు "సరే వదినా, తరవాత" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవు. కూర్చుని చివరిదాకా చదువు.

వారానికి మూడు రోజులు నేను చేసే పని నీకు తెలిసిందే. కొండకి అవతల ఉన్న ఆసుపత్రిలో తీసిన రక్తం గొట్టాలని ఐసు పెట్టెలో పెట్టుకుని, కొండెక్కి దిగి, ఇవతల ల్యాబులో అప్పగించాలి. వెళ్ళేటప్పుడు పర్వాలేదు. వచ్చేటప్పుడు అటువైపు ఎక్కుడు మహా నిలువు. సెకండు గేరులో పాక్కుంటూ వస్తుంటే ఇంజను నూనె కుతకుతలాడిపోతోంది. ఆయిల్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయి అక్కడే కూర్చుంటోంది. మామయ్యగారు బంపరు వెనక ఒక మూలకి ఆయిల్ కూలర్ పెట్టారు కదా, ఆ జల్లెడలాంటి పెట్టెకి గాలి తగిలితే కదా నూనె చల్లబడేది? నత్తలా పోయే బండికి గాలెక్కడిది?

రెండుసార్లు దారిలో ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా నిలబడి ల్యాబుకి ఆలస్యంగా చేరాను. ఆసుపత్రి సూపరింటెండెంటు ఏమన్నాడో తెలుసా? "ఆడవాళ్ళ చేతిలో బండి కదమ్మా, వేడెక్కుతుందిలే" అన్నాడు. పదహారేళ్ళ నుంచి స్టీరింగు పట్టుకున్న మనిషిని నేను. ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదని వాళ్ళ ప్యూను చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని అనాల్సినవన్నీ ఇంటికొచ్చి మీ అన్నయ్యని అన్నాను.

కార్లకి కరెంటు పని చేసేదానివి, ఏం చెయ్యాలో చెప్పు. తొందరగా చెప్పు.

ఇట్లు,
మండిపోతున్న మీ వదిన


ఫిబ్రవరి 17

వదినకి,

ఆ సూపరింటెండెంటుని ఒక్కరోజు నా దగ్గరికి పంపించు. ఎండలో బానెట్ తెరిచి నిలబెడతాను, వేడెక్కడమంటే ఏమిటో తెలుస్తుంది.

నిన్ను కూడా అనాలి. ముల్లు ఎర్రగీత ముట్టుకున్న మొదటిరోజే ఎందుకు రాయలేదు? అది మా నాన్న కారు, వదినా. ఆ కూలర్ ఆయన వారం రోజులు కింద పడుకుని సొంత చేతులతో బిగించింది. నూనె అంత కాగితే నీళ్ళలా పలచబడిపోతుంది. అప్పుడు ఇంజనులో ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. నీకు రోడ్డు కనబడుతుంది, నాకు ఆ రాపిడి వినబడుతుంది.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. మా దగ్గర ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను ఉంది, జానెడు వెడల్పు, గాలిని లాగే రకం, మంచి బలమైంది. విడిగా పార్సిలు చేశాను. కూలర్‌కి ముందు ఫ్యాన్ పెట్టించు. వేడిని బట్టి తనంతట తానే ఆన్ అయ్యే స్విచ్చు తరవాత పంపిస్తాను, ప్రస్తుతం దొరకడం లేదు. అప్పటిదాకా డాష్‌బోర్డు కింద మామూలు స్విచ్చు పెట్టుకుని, ఎక్కుడు మొదలవగానే వేసుకో, దిగాక తీసెయ్యి. ఫ్యూజు లేకుండా బిగిస్తానంటే మాత్రం ఆ మెకానిక్‌ని బయటికి పంపించెయ్యి. ఎర్ర వైరు ఎర్రదానికి, నల్లది నల్లదానికి.

బొమ్మ గీసి పంపుదామనుకున్నాను గానీ, ఇందులో అర్థం కానిదేముంది?

అన్నయ్యని అడిగానని చెప్పు. ప్రెస్సులో ప్రూఫులు చూసీ చూసీ కళ్ళజోడు ఇంకా దళసరి అయిందా?

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 27

మరదలికి,

నీ ఫ్యాను వచ్చింది. పెట్టించాను. పెట్టించాక నా కారు ఇంతకుముందు కంటే ఎక్కువ వేడెక్కుతోంది. ఏం పంపించావు తల్లీ, ఫ్యానా, పొయ్యా?

పని మా వీధి చివర మెకానిక్ చేశాడు. ఆయన్ని అందరూ సరేలెండి అంటారు. ఏం చెప్పినా "సరేలెండి" అంటాడు గనక. చేతి పని మాత్రం శుభ్రం. నీ ఉత్తరం బంపరు మీద పెట్టుకుని, మాట మాటా చూసుకుంటూ చేశాడు. ఫ్యూజు పెట్టాడు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. అంతకుముందు మీ అన్నయ్య చేత కూడా చదివించాను. కళ్ళజోడు సవరించుకుని చదివి "తప్పుల్లేవు" అన్నారు. ఆయనకి అక్షరం తప్పు లేకపోతే ప్రపంచంలో ఇంకే తప్పూ లేనట్టే.

ఇదివరకు సగం ఎక్కుడు అయ్యాక ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయేది. నిన్న మూడో మలుపులోనే పోయింది. ఫ్యాను రయ్యిమని తిరుగుతూనే ఉంది, మోత నాకు వినబడుతోంది. స్విచ్చు ఆపితే నయం అనిపించి ఆపాను. నిజంగానే కాస్త నయం. వేసుకుంటే వేడి, తీసేస్తే చల్లన. ఇదేం ఫ్యాను?

సరిగ్గా చూసి పంపావా, మూల పడున్నది పంపావా? వెంటనే రాయి.

వదిన


మార్చి 4

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

నేను మూల పడున్న సామాను మా ఇంటివాళ్ళకి పంపిస్తానని మీరు అనుకున్నందుకు సంతోషం. ఆ ఫ్యానుని పార్సిలు చేసే ముందు బ్యాటరీకి తగిలించి గంటసేపు ఆడించి చూశాను. మా ఓనరు వచ్చి "ఏమ్మా, దానికి దిష్టి తీస్తున్నావా" అని వేళాకోళం చేశాడు కూడా.

ఫ్యాను వేస్తే నూనె వేడెక్కడం అనేది నా పన్నెండేళ్ళ సర్వీసులో ఎక్కడా చూడలేదు. ఫ్యానుకి అబద్ధమాడడం రాదు. కాబట్టి తేడా ఇంకెక్కడో ఉంది. మీరు ఎక్కుడులో థర్డ్ గేరుకి మార్చి ఇంజనుని ఈడ్పించడం లేదు కదా? క్లచ్చి మీద కాలు ఆనించి కూర్చోవడం లేదు కదా? పోయినసారి నేను వచ్చినప్పుడు మీ ఎడమకాలు క్లచ్చి మీదే ఉంది. అప్పుడు మర్యాద కోసం ఊరుకున్నాను.

మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ కారు ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు. ఇది మాత్రం మీరు గుర్తుంచుకోవాలి.

ఇట్లు,
మీ విధేయురాలు


మార్చి 12

ఆడపడుచుగారికి,

మీరు మీరు అని రాస్తే నేను భయపడిపోతాననుకున్నావా? నాకూ వచ్చు మీరు. కానీ చెప్పాల్సింది అంత మర్యాదగా చెప్పే విషయం కాదు.

తొమ్మిదో తారీకున కారు ఆగిపోయింది. దారి మధ్యలో, ఎక్కుడు మధ్యలో, మిట్టమధ్యాహ్నం. నువ్వన్నావు కదా ఫ్యానుకి అబద్ధం రాదని, నీ మాట మీద ఆ రోజు స్విచ్చు వేసే ఉంచాను. ముల్లు ఎర్రగీత దాటింది. డాష్‌బోర్డు మీద నూనె హెచ్చరిక దీపం వెలిగింది. ఇంకో గజం పోతే ఇంజను పట్టేస్తుందని నాకే అర్థమై ఆపేశాను. సెకండు గేరులోనే ఉన్నాను. కాలు క్లచ్చి మీద లేదు. ఒట్టు పెట్టమంటే పెడతాను.

ఆ దీపం చూశాక, చల్లారినా మళ్ళీ నడిపే ధైర్యం లేక, నాలుగు గంటలు అక్కడే. పాల వ్యానువాడు ఒకడు నన్నూ ఐసు పెట్టెనీ ఎక్కించుకుని ల్యాబులో దింపాడు. ఐసు ఎప్పుడో నీళ్ళయిపోయింది. పదకొండు గొట్టాలూ పనికిరావన్నారు. పదకొండు మందికి మళ్ళీ సూది. అందులో ఒక ఏడునెలల గర్భిణి ఉంది. నరం దొరక్క నర్సు ఆమెకి మూడు చోట్ల గుచ్చింది. మర్నాడు నేను సంతకం పెట్టడానికి వెళ్తే, ఆమె వరండాలో కూర్చుని మోచెయ్యి పట్టుకుని నన్ను చూసింది. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

ఇక సూపరింటెండెంటు. రిజిస్టరులో "ఆలస్యానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. అందులో "డ్రైవర్ నిర్లక్ష్యం" అని రాసి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. పెట్టకపోతే ఏప్రిల్ నుంచి రూటు వ్యానువాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చుకోమన్నాను. పదహారేళ్ళలో ఒక పిల్లిని కూడా గుద్దనిదాన్ని. నిర్లక్ష్యమా? రాత్రి పడుకునే ముందు కూడా రేపటి టైర్లలో గాలి గురించి ఆలోచించే మనిషిని. ఆ మాట చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. పైగా ఇంటికొస్తే బల్ల మీద మళ్ళీ అదే నీ ఉత్తరం, క్లచ్చి మీద కాలూ, మీ నాన్నా.

మీ నాన్న కారు మీరే తీసుకోండి. రూటు ఎలాగూ పోయేలా ఉంది. నెలాఖరుకి మీ అన్నయ్యనిచ్చి లారీ మీద పంపించేస్తాను. తాళాలు కవర్లో పెట్టి అంటిస్తాను.

ఇట్లు,
క్లచ్చి మీద కాలున్న మనిషి


మార్చి 17

వదినా,

కారు పంపిస్తే గేటు తియ్యను. లారీవాడిని వెనక్కి తిప్పి పంపిస్తాను. అది ముందు తెలుసుకో.

నీ ఉత్తరం చదివాక ఆ పూటంతా ఏ వైరు ఎక్కడ పెడుతున్నానో నాకే తెలియలేదు. ఆ గర్భిణి సంగతి రెండుసార్లు చదివాను. నీ మీద నిర్లక్ష్యమని రాశాడా! కారెక్కే ముందు నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూసే మనిషివి నువ్వు. మా అన్నయ్య ఆలస్యమవుతోందని మొత్తుకుంటున్నా వినవు. ఆ సూపరింటెండెంటుకి చెయ్యి ఎలా ఆడింది ఆ మాట రాయడానికి? నువ్వు సంతకం పెట్టకు. చచ్చినా పెట్టకు.

క్లచ్చి సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. కోపంలో అన్నాను. కానీ ఫ్యాను సంగతి వెనక్కి తీసుకోలేను, ఎందుకంటే అది మంచి ఫ్యాను. అందుకని ఒక పరీక్ష చెప్తాను, కాస్త ఓపిక చేసుకుని చెయ్యి. కారు నిలబెట్టి, ఇంజను ఆపి, ఫ్యాను ఒక్కటే వెయ్యి. బంపరు జాలీ దగ్గర ఒక పల్చటి కాగితం పట్టుకో. కాగితం జాలీకి అతుక్కుంటే గాలి లోపలికి పోతోందన్నమాట, అలాగే ఉండాలి. నీ మీదకి ఎగిరొస్తే మాత్రం మీ సరేలెండి ఎరుపూ నలుపూ తారుమారు చేసినట్టే. అలా కలిపితే ఫ్యాను ఎదురు తిరుగుతుంది. నూటికి తొంభైపాళ్ళు అదే. మీసం వచ్చిన ప్రతివాడూ నేనూ కరెంటు పనివాణ్ణే అంటాడు. వాడి సంగతి నేను తరవాత చూస్తాను.

వెంటనే రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

మరదలు


మార్చి 22

మరదలికి,

కాగితం ఎగిరొచ్చి నా మొహానికి కొట్టుకుంది. అది మీ అన్నయ్య ఇచ్చిన ప్రూఫు కాగితం. దాని వెనక పడి వీధి చివరిదాకా ఆయన పరుగెత్తాల్సి వచ్చింది.

గెలిచాననుకోకు. వెంటనే సరేలెండిని పిలిచాను. వైర్లన్నీ విప్పి నా కళ్ళెదుట చూపించాడు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే ఉన్నాయి. ఫ్యాను మీద బాణం గుర్తు ఎటుందో అటే తిరుగుతోంది. ఆయన మీసం సంగతి నీకెందుకు? ఆయనకి మీసమే లేదు. నా దగ్గర ఒక్క పైసా తీసుకోకుండా మూడుసార్లు వచ్చి చూసిన మనిషి. ఆయన్ని అనే ముందు నోరు కాస్త అదుపులో పెట్టుకో.

ఎక్కడ బిగించాడని అడుగుతావేమో. నువ్వు చెప్పిన చోటే బిగించాడు. జాలీకీ కూలర్‌కీ మధ్య, కూలర్‌కి ముందు. నీ ఉత్తరం ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. నీ మాటలు నీకే దించి రాస్తున్నాను చూసుకో: "కూలర్‌కి ముందు ఫ్యాన్ పెట్టించు." నీ దస్తూరీ. "ముందు" అన్న మాట ఎంత గుండ్రంగా రాశావో.

ఇరవై తొమ్మిదో తారీకున సూపరింటెండెంటు రమ్మన్నాడు. సంతకమో, రూటో తేల్చుకోవాలట. వారం ఉంది. ఈలోపల నీకు ఏదైనా తడితే రాయి. తట్టకపోతే ఊరుకో, నేనేమీ అనుకోను. అనుకునే ఓపిక కూడా లేదు.

వదిన


మార్చి 25, ఎక్స్‌ప్రెస్ డెలివరీ

వదినా,

నీ ఉత్తరం ఒక వ్యాను కింద పడుకుని చదివాను. చదివి లేవబోయి తల సైలెన్సరుకి కొట్టుకున్నాను. బాగా తగిలింది. తగలాల్సిందే.

నేను "ముందు" అన్నది మొదట అని. మొదట ఫ్యాను పెట్టించు, స్విచ్చు తరవాత పంపిస్తానని నా ఉద్దేశం. నువ్వు చదివింది కూలర్‌కి ఎదుట అని. చదివిన నీ తప్పు లేదు, అలా చదవకపోతేనే తప్పు. "కూలర్‌కి" అన్నదాని పక్కన ఒక్క కామా పెట్టిన పాపాన పోలేదు నేను. గాలిని లాగే ఫ్యాను కూలర్‌కి వెనకే ఉంటుందని మా షాపులో అందరికీ తెలుసు గనక లోకంలో అందరికీ తెలుసనుకున్నాను. బొమ్మ గీద్దామనుకుని కూడా మానేశాను! నా పొగరు చూడు.

జరిగింది ఇది. లాగే ముఖం ఎప్పుడూ కూలర్ వైపుకే బిగిస్తారు గనక, ఫ్యాను ఎదుట నిలబడి గాలిని బయటికి లాగుతోంది. బండి కదిలితే గాలి లోపలికి వస్తోంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని, కూలర్ దగ్గర అసలు గాలే ఆడలేదు. ఫ్యాను లేకపోతేనే నయం. స్విచ్చు ఆపగానే చల్లబడిందని నువ్వు రాశావు. అంత స్పష్టంగా రాస్తే నేను క్లచ్చి గురించి ప్రసంగం చేశాను. నామీద నాకే ఎంత మంటగా ఉందో చెప్పలేను. ఆ పదకొండు సూదులూ నావే.

ఇక మా అన్నయ్య. పుస్తకాల్లో కామాలు ఏరడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో కామా పోతే "తప్పుల్లేవు" అంటాడా? అడిగానని చెప్పు, ఈసారి గట్టిగా.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఫ్యానుని విప్పించి కూలర్‌కి వెనక పెట్టించు. వెనక అంటే ఇంజను వైపు. వెనక అంటే తరవాతెప్పుడో అని కాదు, ఇవాళే. ఈసారి బొమ్మ కూడా గీశాను, బాణాలతో సహా. కాగితం జాలీకి అతుక్కుంటే పని అయినట్టు. సరేలెండిగారికి నా క్షమాపణలు, మీసం విషయంలో కూడా.

దీనితో పాటు సూపరింటెండెంటుకి ఒక కాగితం రాసి, వర్క్‌షాపు ముద్ర వేయించి పెట్టాను. "ఈ కారుకి ఫ్యాను బిగించే పద్ధతిని నేను తప్పుగా రాసి పంపినందువల్ల నూనె వేడెక్కి బండి ఆగిపోయినది. డ్రైవరు నేను రాసినది రాసినట్టు చేయించినది. తప్పు పూర్తిగా నాది" అని. ముద్ర వేస్తూ మా ఓనరు "ఇది బయటికి పోతే మనకి బేరాలు రావు" అన్నాడు. రాకపోతే పోనీమన్నాను. తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టు. ఆ మాట కొట్టేయించు.

నీ మరదలు


ఏప్రిల్ 2

మరదలు పిల్లకి,

ఫ్యాను వెనక్కి మారింది. కాగితం జాలీకి ఎలా అతుక్కుందంటే, గోటితో గీకి తియ్యాల్సి వచ్చింది. ఐసు పెట్టెలో ఖాళీ గొట్టాలు పెట్టుకుని ఒకసారి, నిజం గొట్టాలతో ఒకసారి కొండెక్కి దిగాను. ముల్లు సగం దాటలేదు. పైన మలుపులో నా అంతట నేనే ఆపి, దిగి, ఊరికే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను.

ఇరవై తొమ్మిదిన నీ కాగితం సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. "ఈవిడ నీకేమవుతుంది?" అన్నాడు. "మా ఆడపడుచు" అన్నాను. "తప్పు నాదని వదినకి రాసిచ్చిన ఆడపడుచుని ఇన్నేళ్ళ సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా" అని, గుమాస్తాని పిలిచి ఆ కాగితం చూపించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నవ్వడం తరవాత, ముందు ఆ మాట కొట్టెయ్యండి" అన్నాను. అక్కడ "ముందు" అంటే మొదట అనే, కంగారుపడకు.

"రూటు నీకే ఉంచుతున్నాగా, రిజిస్టరులో రాసింది ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. "నేను చూస్తాను, సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు కనబడుతుంది" అన్నాను. రూటు వద్దు, ఆ మాట పోవాలని కుర్చీలోంచి లేచాను. అప్పుడు రూళ్ళకర్ర తెప్పించి, "డ్రైవర్ నిర్లక్ష్యం" మీద అడ్డంగా ఎర్రగీత గీసి, పక్కన "బిగింపు లోపం" అని రాసి సంతకం చేశాడు. నేనూ చేశాను.

ఆ గర్భిణి రిపోర్టు నేనే పట్టుకెళ్ళి చేతికిచ్చాను. అన్నీ బాగున్నాయట. నా వల్ల మీకు మళ్ళీ సూది పడింది, ఏమీ అనుకోవద్దని చెప్పాను. "మీరేం చేస్తారండీ, బండి ఆగిపోతే" అంది. అప్పటి నుంచి ఒకటి లోపల గుచ్చుకుంటోంది. మీ అన్నయ్యకి చెప్పలేదు. సూపరింటెండెంటుకి అసలే చెప్పలేదు. నీకు చెప్పాలి.

ఫ్యాను బిగించిన రోజు సరేలెండి స్విచ్చు వేసి, జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "అమ్మా, గాలి ఎదురొస్తోంది, వెనక పెట్టాలేమో" అన్నాడు. ఆయన "సరేలెండి" కాకుండా వేరే మాట అనడం నేను వినడం అదే మొదలు. నేను గయ్యిమన్నాను. "మా మరదలు రాసింది. అది రాసిందంటే తప్పుండదు. నువ్వు దానికంటే తెలిసినవాడివా?" అని నోరు మూయించాను. అప్పుడు ఆయన సరేలెండి అన్నాడు. తరవాత మనిద్దరం ఉత్తరాల్లో అంత పోట్లాడుకుంటున్నప్పుడు కూడా ఆయన అన్న మాట నాకు గుర్తు రాలేదు. ఫ్యాను పాడైందేమోనని అనుకున్నాను, పార్సిల్లో దెబ్బ తిందేమోనని అనుకున్నాను, నీ మీద మండిపడ్డాను. కానీ నువ్వు రాసిన మాట తప్పయి ఉంటుందని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

సూపరింటెండెంటు నిర్లక్ష్యమన్న మాటని గీత గీసి కొట్టేశాడు సరే. నువ్వు చెప్పు, దీన్ని ఏమనాలి?

మీ వదిన